కొనేవాళ్లను ముందే కలవాలా?

ప్రశ్న: రాజమండ్రిలో మా డాబా ఇల్లు 62 లక్షలకు బేరం కుదిరింది. కొనేవాళ్లను ఒకసారి చూస్తామంటే మధ్యవర్తి, 'ఎందుకండీ, రిజిస్ట్రేషన్ రోజు వస్తారుగా' అంటున్నాడు. కలవకపోతే నష్టమా? – ఒక పాఠకురాలు

జవాబు: అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే కలవండమ్మా. దస్తావేజులు రాసుకుని బతికినవాణ్ణి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫొటోలు, వేలిముద్రల దాకా వచ్చాక 'కొంత డబ్బు వచ్చే వారం ఇస్తాం' అనడం ఎన్నోసార్లు విన్నాను. ఆ గదిలో అమ్మేవాళ్ల టెన్షన్ చూడలేం. మధ్యవర్తి మీకొక ధర, వాళ్లకొక ధర చెప్పి ఉంటే అదీ ముందే తేలుతుంది. (కలవనివ్వని మధ్యవర్తి మీద నాకెప్పుడూ అనుమానమే.)

అసలు కొనేది ఎవరో అడగండి. అగ్రిమెంటు ఒకరి పేరున రాయించుకుని, రిజిస్ట్రేషన్ ఇంకొకరికి చేయమనేవాళ్లున్నారు. బ్యాంకు లోన్‌తో కొంటుంటే అది మంజూరైందా, చెక్కు ఎప్పుడిస్తారు అన్నది వాళ్ల నోటనే వినండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం, అంటే 62,000 టీడీఎస్ (మీకిచ్చే డబ్బులోంచి ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుని మీ పాన్ మీద కట్టాల్సింది వాళ్లే. ఆ సంగతి వాళ్లకు తెలుసో లేదో కనుక్కోండి. 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవద్దు. తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్నవాళ్ల మీదే.

బేరం మళ్లీ కదపకండి, మీకు డబ్బు తొందరని చెప్పకండి. మధ్యవర్తిని వెంట తీసుకెళ్తే ఆయన కమిషన్‌కీ భయం ఉండదు. మోటారు, ఇన్వర్టరు ఎవరివో కూడా అక్కడే తేల్చుకుని అగ్రిమెంటులో రాయించండి.