ముందు ఆ ఒక్క వాక్యం రాయండి

చి. మాధవికి,

మీ మిత్రబృందం తయారుచేసిన పదకోశాన్ని నెట్‌లో ఉచితంగా పెడుతున్నారని తెలిసి ఎంత సంబరపడ్డానో! ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఉచితంగా పెట్టడం వేరు, అందరి సొత్తు చేయడం వేరు. నాకది ఆలస్యంగా తెలిసొచ్చింది.

ఇరవై ఏళ్ల కిందట మేం ఏడుగురం ఇలాగే మూడువేల పైచిలుకు మాటలు పోగుచేశాం. ఎవరైనా వాడుకోవచ్చని ఎక్కడా రాయలేదు. వేరే చెప్పాలా అనుకున్నాం. తరవాత ఒక నిఘంటువులో చేరుస్తామని అడిగితే అందరి అనుమతీ కావాల్సొచ్చింది. ఇద్దరి ఆచూకీ దొరకలేదు, ఒకాయన పోయారు. ఏ మాట ఎవరు చేర్చారో రాసుకోలేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరే మూలుగుతోంది.

అందుకే ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సును మొదటి పేజీలోనే ఒక్క వాక్యంలో రాయండి. క్రియేటివ్ కామన్స్ అని ఎవరైనా తీసుకోగల రెడీమేడ్ లైసెన్సులున్నాయి. వాటిలో సీసీ బై అయితే మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. సీసీ బై-ఎస్ఏ అయితే, దాన్ని మార్చి పంచేవాళ్లు తామూ అదే షరతు మీద పంచాలి. వికీపీడియాది ఇదే, నా ఓటూ దీనికే. ‘వ్యాపారానికి వాడరాదు’ అని చేర్చాలనిపిస్తుంది, వద్దమ్మా. అప్పుడు వికీపీడియా కూడా దాన్ని తీసుకోలేదు.

రాతకోత లేకపోతే నమ్మకం నిలవదు. 1993లో గోఫర్‌కు, అంటే నెట్‌లో సమాచారం వెతికి చదువుకునే ఒక పద్ధతికి, మంచి ఆదరణ ఉండేది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం దాని సర్వర్‌కు కొందరి దగ్గర రుసుము తీసుకుంటామనగానే జనం జంకారు. అదే ఏడాది ఏప్రిల్ 30న వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధన సంస్థ తన వెబ్ సాఫ్ట్‌వేర్ మీద హక్కులు వదులుకుంటున్నట్టు రాసిచ్చింది. అదొక్కటే కారణం కాదుగానీ, జనం గోఫర్ వదిలి వెబ్ వైపే వచ్చారు.

ఫైలును సాదా టెక్స్ట్‌లో కూడా ఉంచి, నకలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టండి.

భారం ఒక్కరి మీదే పడనివ్వకండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే చూసుకున్నాడు. అలసిపోయిన అతన్ని సందేశాలతో ఒత్తిడి చేశారు. సాయానికొచ్చినట్టు నటించిన వ్యక్తి నమ్మకం సంపాదించి అందులో, ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడేందుకు దొంగదారి పెట్టాడు. లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజనీరు ఆరా తీయబట్టి 2024 మార్చిలో అది బయటపడింది. మీలో కనీసం ముగ్గురి దగ్గర పదకోశం తాళాలు, అంటే పాస్‌వర్డులు, ఉండాలి. తప్పులు చూపించేవాళ్లతో మర్యాదగా మాట్లాడండి, వాళ్లలోంచే రేపటి సాయం దొరుకుతుంది.

ఎక్కించేముందు ఆ మొదటి పేజీ నాకు పంపు. లైసెన్సు వాక్యం కింద మీ అందరి పేర్లూ, ఒప్పుకున్న తేదీలూ ఉన్నాయో లేదో చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న