వలిసె పూలు ఎవరు చూశారు?

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పోయిన సంక్రాంతికి కొరాపుట్ నుంచి స్నేహితుడి బైకు మీద సుంకి ఘాట్ దిగి, భోగి మంటల వేళకు ఇల్లు చేరడం. మంచి సరుకే దొరికింది నీకు. కానీ అందులో నువ్వు చూసినవి తక్కువ, చూసి ఉంటే బాగుండుననుకున్నవి ఎక్కువ.

వలిసె పూల సంగతే తీసుకో. కొండల నిండా పసుపు ఆరబోసినట్టు ఉందన్నావు. వలిసె విరగబూసేది నవంబరులో, డిసెంబరు మొదట్లో. సంక్రాంతి నాటికి చాలా చేలు కోసేసి ఉంటారు. పైగా మీరు పొట్టంగి దాటింది రాత్రి రెండు గంటలకు, పొగమంచులో. ముందు చక్రం కూడా కనిపించలేదని నాలుగు వాక్యాల ముందు నువ్వే రాశావు కదా బాబూ! దేవమాలి ఎత్తు 1,672 మీటర్లన్నావు. అంకె సరైనదే. కొండ కనిపించిందా? ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ పక్క నుంచి వెళ్తూ దాన్ని చూడలేకపోయామని రాస్తే, ఆ అంకెకు కూడా వ్యాసంలో పని దొరికేది.

నాకు తెలియాల్సినవి వేరే ఉన్నాయి. చొక్కా లోపల వార్తాపత్రిక మడిచి పెట్టుకున్నారా? హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు ఎవరు తుడిచారు? వెనక కూర్చున్న నువ్వు చేతులు ఎక్కడ పెట్టుకున్నావు? బండి నడిపినవాడు నీ వ్యాసంలో రెండే చోట్ల వచ్చాడు, రెండుసార్లూ 'నా మిత్రుడు' అన్న మాటగానే.

ఇలా అడిగే హక్కు నాకు పెద్దగా లేదు. 1988 జనవరిలో అదే దారిలో, ఒక మిత్రుడి పాత జీపులో ఇంటికి వచ్చాను. బీడీలోని పొగాకు తడిపి అద్దానికి రుద్దాడు, మసక పట్టకుండా. ఏ గేరులో ఎక్కే దారో ఆ గేరులోనే దిగాలని, బ్రేకును నమ్మకూడదని చెప్పాడు. పెద్ద దీపం వేస్తే మంచు గోడలా ఎదురొస్తుందని చిన్న దీపంతోనే నడిపాడు. నా పని ఒక్కటే: ఎడమ అంచున సున్నం కొట్టిన రాయి కనిపించినప్పుడల్లా "రాయి" అనడం. పదో పన్నెండో అన్నాను. నిద్రపోయాను.

మధ్యలో ఒకసారి మెలకువ వచ్చింది. అతను మెడ బయటకు చాచి, తనలో తనే "రాయి... రాయి" అనుకుంటున్నాడు. గొంతు బొంగురుపోయింది. నేను లేచి కూర్చోలేదు. కళ్లు మూసుకున్నాను.

తర్వాత ఆ ప్రయాణం గురించి ఒక పత్రికకు రాశాను. ఘాట్‌లో సూర్యోదయాన్ని ఒకటిన్నర పేజీ వర్ణించాను. మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి, నిజం చెప్పొద్దూ, సంతోషించాను. మిత్రుడు చదివి ఒకటే అడిగాడు: "ఏ మలుపులో చూశావురా, ఆ సూర్యుణ్ణి?" ఆ వ్యాసాన్ని నా సంపుటాలు వేటిలోనూ చేర్చలేదు.

నీ వ్యాసంలో బతికున్న చోటు ఒకటుంది, దాన్ని మాత్రం కదపకు. సాలూరు చేరాక చలి ఒక్కసారిగా సడలిందనీ, చెవులు తెరుచుకుని లారీల హారన్లు వినిపించాయనీ, టీ గ్లాసు పట్టుకుంటే వేళ్లు మండాయనీ రాశావు. అది కల్పించి రాసేది కాదు. 2022 నుంచి సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిందన్న సమాచారం అక్కడ తగలకపోతే ఇంకా బాగుండేది. అంత చలిలో దిగివచ్చినవాడికి టీ కావాలి గానీ జిల్లా ఎందుకు? రామభద్రపురం, గజపతినగరం ఒక్క వాక్యంలో దాటేశావు, తప్పులేదు.

తిరగరాసే ముందు ఆ స్నేహితుడి దగ్గర కూర్చో. ఘాట్‌లో నువ్వేం మాట్లాడావో, ఎంతసేపు మాట్లాడలేదో అతన్నే అడుగు. అతనికి గుర్తున్న రాత్రి, నీకు గుర్తున్న రాత్రి ఒకటి కాకపోతే రెండూ రాసి పట్టుకురా. పండగ రోజుల్లో ఇంట్లోనే ఉంటాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి, మర్నాడు రండి. ఇద్దరూ రండి.

ఇట్లు,
మీ మాస్టారు