బ్యారేజీ దాటని కథ

వారపత్రికకు ఆరు పేజీల కథ అనుకున్నారు, ఇరవై రెండు పేజీలైంది. తండ్రి అస్థికలతో విజయవాడలో బయలుదేరిన మీ కథానాయకుడు ఇంకా ప్రకాశం బ్యారేజీ మీదే ఉన్నాడు. ఎక్కడ కత్తిరించాలని అడిగారు. కత్తెర తర్వాత, ముందు కథ ఎక్కడ లావెక్కిందో చూద్దాం.

బ్యారేజీ 1957లో పూర్తయిందనీ, 70 గేట్లున్నాయనీ ఒక పేజీ నడిచింది. అది మీరు సేకరించిన సమాచారం, అతని ఆలోచన కాదు. చేతిసంచిలో తండ్రిని మోస్తున్నవాడు గేట్లు లెక్కపెడితే ఏడుపు ఆపుకోవడానికే పెడతాడు. దానికి ఒక్క వాక్యం చాలు.

సీతానగరం వైపు మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ వచ్చిన ఐదు పేజీలు మాత్రం ముట్టుకోకండి. సంచిలో ఏముందని ఆమె అడిగింది, అతను బట్టలన్నాడు. మీ కథ అదేనండీ!

గుంటూరు మిర్చి యార్డు గుమాస్తా మీద నేనూ నాలుగు పేజీలు రాయబోయాను. కాటా దగ్గర టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ వచ్చి కథంతా ఆక్రమించాడు. గుమాస్తాను కాపాడబోయి మూడు నెలలు పాడుచేసుకున్నాను. చివరికి ఆయన కథలో ఒక్క తుమ్ముగా మిగిలాడు.

మీరు పొత్తులావిడ పలకరింపుతో కథ మొదలుపెట్టి ఎవరికైనా చదివి వినిపించండి. వాళ్లు వెనక సంగతులు అడగకపోతే ఆమెకు ముందున్న పేజీలు అక్కర్లేదు. అడిగితే నవలికగా రాయండి, వారపత్రికకు ఇంకో కథ పంపవచ్చు. తీసేసిన పేజీలు మాత్రం వేరే ఫైలులో దాచుకోండి.