నిరుద్యోగ బీమా: మీరు పనిచేసిన రాష్ట్రం ఏం రాసిపెట్టిందో చూడండి

మిషిగన్ రాష్ట్రంలోని కాంటన్‌లో ఉంటున్న ఒక సోదరి ఫోన్ చేసి అడిగారు: ‘‘ఒకే నెలలో మా ఇద్దరి ఉద్యోగాలూ పోయాయండీ. ఆయనది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నాకు భార్యగా వచ్చిన హెచ్-4 మీద ఈఏడీ (పని చేసుకునే అనుమతి పత్రం) ఉంది. నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెడితే రేపు గ్రీన్‌కార్డుకు అడ్డు వస్తుందని అంటున్నారు. నిజమేనా?’’

అడ్డు రాదమ్మా. ఇది దానం కాదు, బీమా. మీరు పనిచేసినన్నాళ్లూ మీ లెక్కన మీ యజమాని పన్ను కట్టారు. మిషిగన్‌లో ఉద్యోగి జీతంలోంచి దీనికి పైసా కోయరు కాబట్టి పేస్లిప్పులో ఇది కనబడదు. మనవాళ్లలో చాలామందికి దీని సంగతి తెలియకపోవడానికి అదే కారణం. ప్రభుత్వ సాయం మీద ఆధారపడేవారికి గ్రీన్‌కార్డు నిరాకరించే ‘పబ్లిక్ చార్జ్’ నిబంధనలను 2019లో బాగా బిగించినప్పుడు కూడా నిరుద్యోగ బీమాను అందులో చేర్చలేదు.

మీవారి పరిస్థితి వేరు. పనికి సిద్ధంగా, అందుబాటులో ఉన్నవారికే ఈ బీమా. హెచ్-1బీ అనుమతి ఒక యజమానికి కట్టుబడి ఉంటుంది. ఆ ఉద్యోగం పోతే కొత్త పిటిషన్ పడేదాకా పని చేయడానికి వీల్లేదు కాబట్టి సాధారణంగా తిరస్కరిస్తారు. ఆయన జీతం మీదా యజమాని పన్ను కట్టారు, అవసరం వచ్చినప్పుడు మాత్రం ఆయనకు దక్కదు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అయినా దరఖాస్తులో వీసా వివరం ఉన్నది ఉన్నట్టే రాయాలి. మరొక మాట: మీ హెచ్-4 ఆయన హోదా మీదే నిలబడి ఉంది. ఉద్యోగం పోయాక ఇచ్చే 60 రోజుల గడువులోగా ఆయన దారి తేల్చుకోకపోతే మీ ఈఏడీ కూడా ఆగిపోతుంది. అందుకే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. మీ నిరుద్యోగ బీమా దరఖాస్తు మాత్రం ఈ వారమే పెట్టండి.

ఎంత వస్తుంది, ఎన్నాళ్లు వస్తుంది అన్నది రాష్ట్ర శాసనసభల చేతిలో ఉంటుంది. 1935 నాటి సమాఖ్య చట్టం చట్రం మాత్రమే ఇచ్చింది. మిషిగన్ 2011లో గరిష్ఠ కాలాన్ని 26 వారాల నుంచి 20కి కుదించింది. వారానికి గరిష్ఠంగా 362 డాలర్లన్న పరిమితి 2002 నుంచి కదల్లేదు. ఇంటి అద్దెలు ఎక్కడికి పోయాయో ఇక్కడున్నవారికి చెప్పనక్కర్లేదు. ఎట్టకేలకు 2024 డిసెంబరులో, సమావేశాల చివరి రోజుల్లో, సవరణ బిల్లు ఉభయసభల్లోనూ గట్టెక్కింది. గవర్నర్ విట్మర్ సంతకంతో 2025 ఏప్రిల్ నుంచి మళ్లీ 26 వారాలు అమల్లోకి వచ్చాయి. వారపు గరిష్ఠ మొత్తం 2025లో 446, 2026లో 530, 2027లో 614 డాలర్లు. మీ మీద ఆధారపడిన పిల్లలుంటే కొంత అదనంగా లెక్కగడతారు. ఆ వివరం దరఖాస్తులో వదిలేయకండి.

అన్ని రాష్ట్రాలూ ఇదే దారిలో లేవు. మనవాళ్లు ఎక్కువగా ఉండే నార్త్ కరొలైనా 2013లో వారపు గరిష్ఠాన్ని 535 డాలర్ల నుంచి 350కి దించింది. కాలాన్ని నిరుద్యోగ శాతంతో ముడిపెట్టి 12–20 వారాల మధ్యకు తగ్గించింది. టెక్సాస్‌లో పనిచేసి ఇటీవలే ఇక్కడికి మారినవారు టెక్సాస్‌లోనే దరఖాస్తు చేయాలి. చూడాల్సింది పనిచేసిన రాష్ట్రం, ఇప్పుడు ఉంటున్న రాష్ట్రం కాదు.

కాగితాల విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. 2013–2015 మధ్య మిషిగన్‌లోనే నిరుద్యోగ బీమా శాఖ వాడిన మిడాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ దాదాపు 40,000 మందిని మోసగాళ్లుగా ముద్ర వేసింది. తీసుకున్న డబ్బుకు నాలుగు రెట్లు జరిమానా వేశారు, జీతాలు జప్తు చేశారు, పన్ను రీఫండ్లు లాక్కున్నారు. తర్వాత 22,000కు పైగా కేసులు తిరగేస్తే 93 శాతం తప్పని తేలింది. 2017లో శాసనసభ జరిమానాలు తగ్గించింది. బాధితులకు రెండు కోట్ల డాలర్ల పరిహారం ఒప్పందం 2022లో గానీ కుదరలేదు. వీళ్లలో ఎందరి ఇళ్లు, కాపురాలు ఈ లోపల చితికిపోయాయో!

అందుకే లేఆఫ్ ఉత్తరం, పేస్లిప్పులు, ఈఏడీ రెండు వైపుల ప్రతులు ఒకచోట పెట్టుకోండి. ఉద్యోగ ప్రయత్నాలకు ఒక నోటు పుస్తకం పెట్టండి: తేదీ, కంపెనీ, ఏ ఉద్యోగం, ఎలా దరఖాస్తు చేశారు, ఏం జవాబు వచ్చింది. మీ అర్హత కొనసాగుతోందని రెండు వారాలకోసారి ఆన్‌లైన్‌లో ధ్రువీకరించేటప్పుడు ఇదే చేతిలో ఉండాలి. తిరస్కరణ ఉత్తరం వస్తే 30 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా పంపాలి. వచ్చిన డబ్బు మీద ఆదాయపు పన్ను ఉంటుంది. మొదట్లోనే 10 శాతం మినహాయించమని అడిగితే ఏప్రిల్‌లో ఇబ్బంది ఉండదు.

ఇక మీవారి సంగతి. ఓటు లేనంత మాత్రాన నోరు లేనట్టు కాదు. మీ ప్రాంతపు రాష్ట్ర ప్రతినిధికి, సెనెటర్‌కు ఉత్తరం రాయవచ్చు. రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో శాసనసభ కమిటీ విచారణకు వాంగ్మూలం పంపవచ్చు. ఎన్నేళ్లు పనిచేశారు, ఏ తేదీన ఉద్యోగం పోయింది, అర్హత ఎందుకు లేదన్నారు, ఇవన్నీ ఒక్క పేజీలో రాసిస్తే చాలు. రాయడానికి మొహమాటంగా ఉంటే వివరాలు నాకు పంపండి, కలిసి కూర్చుని రాద్దాం.