మనకే తెలియనప్పుడు మనవాళ్ళకు ఏం చెప్పాలి? నోట్ల రద్దు రోజుల నుంచి నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. టీమ్ లీడర్ అయి ఆరు నెలలే అయిందన్నారు. కంపెనీ చేతులు మారుతోందని వినికిడి, పై నుంచి ఒక్క మాటా లేదు, మీ దగ్గర పనిచేసే తొమ్మిది మందీ రోజూ మీ ముఖం వైపే చూస్తున్నారు. "నాకే తెలియనిది వాళ్ళకు ఏం చెప్పి ధైర్యం ఇవ్వాలి?" అని అడిగారు. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో ఇరవై ఏడేళ్ళు పనిచేశాను. దీనికి జవాబు నాకు ఏ శిక్షణ తరగతిలోనూ దొరకలేదు. 2016 నవంబరులో, పల్నాడులోని ఒక మండల కేంద్రంలో, మా శాఖ గుమ్మం ముందు దొరికింది. అదీ ఒక పత్తి రైతు చేత మాట పడిన తరువాత.

అప్పటికి నేను మేనేజరుగా వచ్చి ఐదు నెలలు. శాఖలో మొత్తం ఐదుగురం: నేను, ఒక ఆఫీసరు, ఇద్దరు క్లర్కులు, ఒక అటెండరు. క్లర్కుల్లో ఒకమ్మాయి క్యాషియరు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. నవంబరు 8, మంగళవారం రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి ఐదు వందల, వెయ్యి రూపాయల నోట్లు చెల్లవన్నారు. చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ రెండు నోట్లే. ప్రసంగం ముగియకముందే నా ఫోను మోగింది. మా క్యాషియరు. "మేడం, మన సేఫులో ఉన్నవన్నీ అవే కదా, ఇప్పుడు ఏం చేయాలి?" ఆమె టీవీలో చూసినంతే నేనూ చూశాను. అంతకు మించి నాకు తెలిసింది ఏమీ లేదు.

"కంగారు పడకు, అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. అప్పుడు అది తప్పని అనిపించలేదు.

9వ తేదీ ఖాతాదారులకు సెలవు. 10న తలుపులు తెరిచాం. ఆ తరువాత నిబంధనలు ఎంత వేగంగా మారాయో బ్యాంకు ఉద్యోగం చేసినవాళ్ళు ఎవరూ మరచిపోరు. పాత నోట్ల మార్పిడి మనిషికి 4,000 అన్నారు, నాలుగు రోజులకు 4,500 అన్నారు, 18వ తేదీకి 2,000కు దించారు, 24 తరువాత అసలు లేదన్నారు. ఖాతా నుంచి తీసుకునేది వారానికి 20,000 అని మొదలై 24,000 అయింది. మధ్యలో వేలికి సిరా గుర్తు పెట్టమన్నారు. ఉదయం సర్క్యులర్ చదివి సిబ్బందికి వివరిస్తే సాయంత్రానికి ఇంకొకటి వచ్చేది.

పల్నాడులో నవంబరంటే పత్తి తీతలు. కూలీలకు రోజు కూలి చేతికి ఇవ్వాలి. మేము తొమ్మిదింటికి వచ్చేసరికి మా మెట్ల దగ్గర నుంచి రోడ్డు దాకా మనుషుల కన్నా చెప్పులు ఎక్కువ కనిపించేవి. తెల్లవారుజామునే వచ్చి, చెప్పుల జతనో, రాయినో, నీళ్ళ సీసానో వరుసలో పెట్టి, వాటి యజమానులు ఎండ తగలని చోట కూర్చునేవారు. ఒక ప్లాస్టిక్ సంచి ఎగిరిపోకుండా దాని మీద మట్టిబెడ్డ పెట్టి ఉండేది. లోపల పాసుపుస్తకం.

ఇక ఆ రైతు సంగతి. నవంబరు 22న వచ్చాడు. వారంలో కూతురి పెళ్ళి. పెళ్ళిళ్ళకు రెండున్నర లక్షల దాకా ఇవ్వవచ్చని అంతకు ముందు రోజే ఉత్తర్వులు వచ్చాయి. శుభలేఖ, ఎవరికి ఎంత చెల్లించాలో జాబితా, అన్నీ పద్ధతిగా తెచ్చాడు. ఖాతాలో డబ్బు ఉంది. సేఫులో లేదు. అతని ముఖం చూడలేక "రేపు రండి, ఇప్పిస్తాను" అన్నాను. మరునాడు మా శాఖకు నగదు రాలేదు. మళ్ళీ "రేపు" అన్నాను. మూడో రోజూ రాలేదు. అతను గొడవ చేయలేదు. నా టేబుల్ అంచు పట్టుకుని నిలబడి నెమ్మదిగా అన్నాడు: "రాదని మొదటి రోజే చెప్పి ఉంటే వేరే దారి చూసుకునేవాడిని కదమ్మా. మా బావమరిది పాలకేంద్రం నడుపుతాడు, వంద నోట్లు ఉన్నాయి రమ్మన్నాడు. మీరు ఇస్తామన్నారని వద్దన్నాను. నిన్న వాటిని ఇంకొకరికి ఇచ్చేశాడు."

చివరికి నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకుని పెళ్ళి చేశాడని తరువాత తెలిసింది.

నేను నగదు ఇవ్వలేకపోవడం నా తప్పు కాదు. కానీ ఆ మూడు రోజులు అతని దగ్గర నుంచి లాక్కున్నది నేనే. ధైర్యం చెబుతున్నాననుకుని నేను ఇచ్చిన మాట, అతనికి ఉన్న ఇంకో దారిని మూసేసింది. మీకు ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం అదే. "ఏమీ కాదు, ఎవరి ఉద్యోగాలూ పోవు" అని మీరు అన్నారనుకోండి. మీ తొమ్మిది మందిలో ఒకరికి బయట ఒక అవకాశం వచ్చి ఉండవచ్చు. మీ మాట నమ్మి దాన్ని వదులుకుంటే, ఆ నష్టంలో మీ వాటా ఉంటుంది.

ఆ సాయంత్రం మా అటెండరు పక్కనున్న ప్రాథమిక పాఠశాల నుంచి పాత నల్లబల్ల ఒకటి మోసుకొచ్చాడు. నేను తెమ్మనలేదు, అతని ఆలోచనే. భద్రత కారణంగా శాఖలో నగదు ఎంత ఉందో బయట రాయకూడదు. అందుకని మరునాటి ఉదయం మూడు వాక్యాలే రాశాం:

"ఈ రోజు వంద మందికి, ఒక్కొక్కరికి నాలుగు వేలు. రేపు డబ్బు వస్తుందో రాదో ఇప్పటికి మాకు తెలియదు. సాయంత్రం ఆరు గంటలకు తెలిసినంత ఇక్కడే రాస్తాం."

మొదటి రోజు కేకలు వేశారు. వారానికి 24,000 ఇవ్వాలని టీవీలో చెబుతుంటే నాలుగు వేలేమిటని నిలదీశారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ రెండో రోజు నుంచి వంద టోకెన్లు అయిపోగానే మిగిలినవాళ్ళు చేలకు వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఒక రోజు కూలి దక్కింది కదా. అసలు పరీక్ష నాలుగో రోజు వచ్చింది. ఆరు గంటలైంది, శాఖలకు నగదు పంపే కరెన్సీ చెస్టు నుంచి ఏ కబురూ లేదు, రాయడానికి ఏమీ లేదు. లోపలే ఉండిపోదామనిపించింది. అటెండరు సుద్దముక్క నా చేతిలో పెట్టి "రాయడానికి లేదనే రాయండి మేడం" అన్నాడు. వెళ్ళి "కొత్త సమాచారం లేదు, రేపు ఉదయం తొమ్మిదికి మళ్ళీ చెబుతాం" అని రాశాను. అక్కడ నలభై మంది దాకా ఉన్నారు. చదువుకుని లేచి వెళ్ళారు. మమ్మల్ని నమ్మడం మొదలైంది ఆ సాయంత్రమే అని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

ఆ అటెండరు గురించి ఇంకొక్క మాట. డిసెంబరు మొదటి వారం పింఛన్లు. అప్పట్లో వృద్ధాప్య పింఛను వెయ్యి రూపాయలు, మా దగ్గర ఉన్నవి రెండు వేల నోట్లు. ఆఫీసరు, నేను తల పట్టుకున్నాం. అతను వరుసలో ఉన్న ముసలివాళ్ళను ఒకసారి కలయజూసి, వీధుల వారీగా, చుట్టరికాల వారీగా ఇద్దరిద్దరిని జతలు కట్టాడు. వాళ్ళ ఇష్టం కనుక్కుని, ఇద్దరి చేతా విడివిడిగా వేలిముద్రలు వేయించి, జతకు ఒక నోటు ఇచ్చాం. ఏ కిరాణా కొట్టు వాళ్ళకు చిల్లర ఇస్తుందో కూడా అతనే మాట్లాడి పెట్టాడు. ఊరి సంగతులు అతనికి తెలిసినట్టు నాకు తెలియవు. పరిస్థితి అయోమయంగా ఉన్నప్పుడు జవాబు ఎవరి దగ్గర ఉంటుందో హోదాను బట్టి చెప్పలేం. మీ తొమ్మిది మందినీ "మీకేమి తోస్తోంది?" అని అడుగుతున్నారా? మీ ప్రశ్నలో ఆ ప్రస్తావన ఎక్కడా లేదు, అందుకే అడుగుతున్నాను.

మా క్యాషియరు విషయంలో మాత్రం నేను ఆలస్యం చేశాను. ఒక రాత్రి పది గంటలైనా లెక్క కుదరలేదు. ఆరు వేలు తక్కువ. కొత్త రెండు వేల నోట్లు ఒకదానికొకటి అతుక్కుని మూడు ఎక్కువ వెళ్ళి ఉంటాయి. తగ్గిన డబ్బు క్యాషియరే కట్టుకోవాలి. ఆ అమ్మాయి ఖాళీ డ్రాయరును నాలుగోసారి తడుముతూ ఏడ్చింది. ఉదయం నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదని అప్పుడు తెలిసింది, లేస్తే వరుస ఆగిపోతుందని. ఆరు వేలు మిగతా నలుగురం పంచుకున్నాం. మరునాటి నుంచి మధ్యాహ్నం గంటసేపు క్యాష్ కౌంటరులో నేనే కూర్చున్నాను, ఆమె భోజనం చేసి వచ్చేది. రేపు ఏ సర్క్యులర్ వస్తుందో నా చేతిలో లేదు, ఆమె భోజనం వేళ నా చేతిలోనే ఉంది. పదిహేను రోజులు అది నాకు తట్టనే లేదు. పెద్ద సంగతుల గురించి ఆందోళన పడుతూ, చేయగలిగింది వదిలేశాను.

డిసెంబరు 19న ఇంకో దెబ్బ. ఐదు వేలకు మించి పాత నోట్లు జమ చేస్తే, ఇంతవరకు ఎందుకు వేయలేదో ఇద్దరు అధికారుల ముందు వివరణ తీసుకోవాలన్నారు. "ఇదే ఆఖరి నిబంధన" అని నేను సిబ్బందికి చెప్పేశాను. 21న దాన్ని ఉపసంహరించారు. ఆ రెండు రోజుల్లో మా ముందు తలదించుకుని వివరణ రాసిచ్చినవాళ్ళలో బియ్యం డబ్బాలో దాచుకున్న తొమ్మిది వేలు తెచ్చిన ఒక పెద్దావిడ ఉంది. ఆ తరువాత బోర్డు మీద ఏది రాసినా పైన తేదీ వేసి "ఈ రోజుకు ఉన్న నిబంధన" అని రాశాం. ఆఖరిది అనే మాట మళ్ళీ వాడలేదు.

మీ పరిస్థితికి దగ్గరగా ఉండేది 2019లో వచ్చింది. ఆగస్టు 30న పది ప్రభుత్వ రంగ బ్యాంకులను నాలుగుగా కలుపుతున్నట్టు ప్రకటించారు. మాదీ అందులో ఒకటి. 2020 ఏప్రిల్ 1న విలీనం అమలైంది. మధ్యలో ఏడు నెలలు: బదిలీలు ఎక్కడికి, సీనియారిటీ ఎలా లెక్కిస్తారు, ఒకే వీధిలో రెండు శాఖలుంటే ఏది మూస్తారు? ప్రతి సోమవారం ఉదయం పదిహేను నిమిషాలు కూర్చునేవాళ్ళం. ఒక నోటుపుస్తకంలో మూడు గడులు: తెలిసింది, తెలియనిది, ఎప్పుడు తెలియవచ్చు. పుకార్లు కూడా రాసేవాళ్ళం, పక్కన "పుకారు" అని. అలా రాస్తే వాటి బలం సగం తగ్గేది.

అదే ఏడాది మా వారికి మెడ దగ్గర గడ్డ కనిపించింది. బయాప్సీ ఫలితానికి తొమ్మిది రోజులన్నారు. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. "ఏమీ కాదమ్మా" అని నోటిదాకా వచ్చి ఆగింది, ఆ రైతు గుర్తొచ్చాడు. "గడ్డ ఉందని తెలుసు. అది ఏమిటో తెలియదు. వచ్చే శుక్రవారం సాయంత్రం తెలుస్తుంది. ఏదైనా సరే ఆ రాత్రి నీకు చెప్పకుండా పడుకోను" అన్నాను. అది క్యాలెండరులో శుక్రవారం చుట్టూ పెన్నుతో గీత గీసి, మళ్ళీ చదువుకోవడానికి కూర్చుంది. లింఫు గ్రంథికి క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడితే తగ్గింది.

మీరు ఈ వారం చేయగలిగింది చెబుతాను. ఒక రోజు, ఒక గంట ఖాయం చేసుకుని తొమ్మిది మందినీ కూర్చోబెట్టండి. మీకు తెలిసింది ఎంత తక్కువైనా చెప్పండి, తెలియనిది తెలియదనండి, మళ్ళీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పండి, ఆ రోజు చెప్పడానికి ఏమీ లేకపోయినా కూర్చోండి. గోప్యంగా ఉంచమని పై వాళ్ళు చెప్పినది ఏదైనా ఉంటే, "దాని గురించి నేను మాట్లాడలేను" అనండి, లేదని మాత్రం అనకండి. అంతకన్నా ముందు ఇంకో పని ఉంది. ఆ తొమ్మిది మందిలో ఇల్లు కొనడానికి లోను తీసుకోబోతున్నవాళ్ళో, పెళ్ళి పెట్టుకున్నవాళ్ళో, ఇంకో ఉద్యోగం వద్దనబోతున్నవాళ్ళో ఉంటారు. వాళ్ళను విడిగా పిలవండి. "నా దగ్గర హామీ లేదు, నీ నిర్ణయం అది లెక్కలో పెట్టుకుని తీసుకో" అని చెప్పండి. వాళ్ళకు ఇంకా వేరే దారి తెరిచి ఉండగానే చెప్పండి.