బొమ్మ వస్తోంది, సౌండ్ రావట్లేదు: లినక్స్ మీడియా ప్లేయర్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: పాత పీసీలో లినక్స్ వేసి, సినిమాలు, పాటలు ప్లే చేసే కోడి (Kodi) ప్రోగ్రామ్ పెట్టుకుని, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపాను. బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది కానీ సౌండ్ అస్సలు లేదు. అదే పీసీకి హెడ్‌ఫోన్స్ పెడితే చక్కగా వినిపిస్తోంది. ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. టీవీలో లోపమా, డ్రైవర్ లోపమా?

జవాబు: ముందు ఆ ఓఎస్ మళ్లీ మళ్లీ వేయడం ఆపేయండి, దానితో ఒరిగేదేమీ లేదు. హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తోందంటే ఫైల్ బాగుంది, కోడి బాగుంది, లినక్స్ సౌండ్ కార్డును గుర్తుపట్టింది కూడా. సౌండ్ వస్తోంది, కాకపోతే మీకు కావాల్సిన చోటికి కాకుండా ఇంకో చోటికి పోతోంది. పీసీలో మదర్‌బోర్డు మీద అనలాగ్ జాక్ ఒక డివైస్, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ దారులు వేరే డివైస్‌లు, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానివి మళ్లీ వేరే.

టెర్మినల్ తెరిచి ఏప్లే కమాండ్ కొట్టండి, పక్కన స్పేస్ ఇచ్చి హైఫన్, చిన్న ఎల్ (aplay -l). ఉన్న డివైస్‌లన్నీ కార్డు నంబరుతో, డివైస్ నంబరుతో సహా కనిపిస్తాయి. ఇంటెల్ చిప్ ఉన్న చాలా పీసీల్లో హెచ్‌డీఎంఐ డివైస్‌లు 3, 7, 8 నంబర్లతో ఉంటాయి. వెనకాల ఉన్నది ఒక్కటే పోర్టు కదా, మూడెందుకు చూపిస్తోందని కంగారు పడకండి. చిప్‌లో దారులు అన్ని ఉన్నాయి, మీ కేబుల్ వాటిలో ఒకదానికే తగిలి ఉంది. అదేదో తేల్చడమే ఇక్కడ పని.

దీనికి చాలామంది పట్టించుకోని మంచి ఆధారం ఒకటుంది. ప్రాక్ ఫోల్డర్‌లో అసౌండ్ (/proc/asound), దానిలో మీ కార్డు ఫోల్డర్ (card0 లాంటిది), అందులో ఈఎల్‌డీ (eld) అనే అక్షరాలతో మొదలయ్యే ఫైళ్లు ఉంటాయి. వాటిని క్యాట్ (cat) కమాండ్‌తో చదవండి. మానిటర్ ప్రెజెంట్ 1, ఈఎల్‌డీ వ్యాలిడ్ 1 అని ఉండి, కింద మీ టీవీ పేరు కూడా కనిపించిందంటే, టీవీ తనకు ఏయే రకం ఆడియో చేతనవునో కార్డుకు చెప్పేసింది, అక్కడిదాకా దారి బాగున్నట్టే. అన్నిట్లోనూ 0 ఉంటే ఆడియో సెట్టింగ్స్ ఎన్ని మార్చినా వృథా. టీవీ ముందు ఆన్ చేసి తర్వాత పీసీ ఆన్ చేయండి, టీవీలో ఇంకో హెచ్‌డీఎంఐ పోర్టు చూడండి, కేబుల్ మార్చండి, మధ్యలో డీవీఐ అడాప్టర్ ఉంటే తీసేసి నేరుగా కలిపి చూడండి.

దారి ఉందని తేలాక స్పీకర్ టెస్ట్ కమాండ్‌తో ఒక్కో డివైస్‌నూ పలికించండి. కమాండ్ తర్వాత హైఫన్, పెద్ద డీ, ఆ పక్కన ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ అని రాసి కోలన్ పెట్టి 0,3 ఇవ్వండి (speaker-test -D plughw:0,3), పలక్కపోతే 0,7, అదీ పలక్కపోతే 0,8. కార్డు నంబరు 0 కాకపోతే అది మార్చుకోండి. ఈ పని చేసేముందు కోడిని మూసేయాలి, లేదంటే డివైస్ బిజీగా ఉందని ఎర్రర్ వస్తుంది, మీరేమో కార్డు పాడైందనుకుంటారు. టీవీలోంచి బుస్సుమని శబ్దం వచ్చిన నంబరే మీది.

ఏదీ పలక్కపోతే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer) తెరిచి, ఎఫ్6 నొక్కి సరైన కార్డు ఎంచుకుని, ఐఈసీ958 అనే గడుల కింద ఎంఎం అని ఉందేమో చూడండి. అంటే మ్యూట్‌లో ఉన్నట్టు. బాణం గుర్తుతో దాని మీదికి వెళ్లి ఎం నొక్కితే 00 అవుతుంది. చాలాసార్లు ఇక్కడే పని అయిపోతుంది.

చివరగా కోడిలో సెట్టింగ్స్, సిస్టమ్, ఆడియో. కింద మూలన సెట్టింగ్స్ స్థాయిని ఎక్స్‌పర్ట్‌కు మార్చండి, లేకపోతే సగం ఆప్షన్లు కనిపించవు. ఆడియో అవుట్‌పుట్ డివైస్‌లో మీరు కనిపెట్టిన హెచ్‌డీఎంఐని పెట్టండి. డెస్క్‌టాప్ లినక్స్‌లో అయితే కోడికీ కార్డుకీ మధ్య సౌండ్‌ను పంచిపెట్టే పైప్‌వైర్ గానీ పల్స్‌ఆడియో గానీ కూర్చుని ఉంటుంది, అప్పుడు ఆ లిస్టులో హెచ్‌డీఎంఐ పేరే కనపడకపోవచ్చు. పావుకంట్రోల్ (pavucontrol) అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని, దాని కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో కార్డు ప్రొఫైల్‌ను అనలాగ్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చాక మళ్లీ కోడి తెరవండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నా, ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. నాలుగూ కలిపి మార్చేస్తే ఏది పని చేసిందో తెలియదు, రేపు అప్‌డేట్ తర్వాత మళ్లీ ఇదే టెన్షన్.

ప్రశ్న: మీడియా ప్లేయర్ నుంచి సౌండ్‌బార్‌కు ఆప్టికల్ కేబుల్ వేశాను. పాటలు బాగానే వస్తున్నాయి. కొన్ని సినిమాలకు మాత్రం సౌండ్ ఉండదు, ఒకసారైతే చెవులు చిల్లులు పడేలా బరబరమని మోత వచ్చింది. ఎందుకిలా?

జవాబు: ఆ మోత విషయంలో ముందు జాగ్రత్త చెప్పాలి. మళ్లీ టెస్ట్ చేసేటప్పుడు సౌండ్‌బార్ వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి, ఆడియోను ఉన్నదున్నట్టు పంపే పాస్‌త్రూ పద్ధతిలో కోడి వాల్యూమ్ బటన్ పని చేయదు. స్పీకర్లకూ మంచిది కాదు, చిన్నపిల్లలు పక్కన ఉంటే మరీను.

పాస్‌త్రూ ఆన్ చేస్తే ప్లేయర్ ఆడియోను విప్పదు, ఊరు దాటించాల్సిన పార్సిల్‌లా మూట కట్టినది కట్టినట్టే అవతలికి పంపేస్తుంది. విప్పుకోవడం సౌండ్‌బార్ పని. డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనేవి సినిమా ఆడియోను మూట కట్టే రెండు వేర్వేరు పద్ధతులు. డాల్బీ డిజిటల్ మాత్రమే తెలిసిన సౌండ్‌బార్‌కు డీటీఎస్ పంపితే మౌనంగా ఉండిపోతుంది, లేదా ఆ డేటానే మామూలు సౌండ్ అనుకుని పలికిస్తుంది. మీరు విన్న మోత బహుశా అదే.

ఇంకో సంగతి, ఆప్టికల్ దారి ఇరుకు. రెండు ఛానెళ్ల మామూలు పీసీఎం, అంటే కుదించని ఆడియో వెళుతుంది, కుదించిన డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ 5.1 (ఆరు ఛానెళ్లు) వెళుతుంది. వాటికంటే పెద్దవైన డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ పట్టవు, విప్పిన 5.1 పీసీఎం కూడా పట్టదు. అవన్నీ కావాలంటే హెచ్‌డీఎంఐతో నేరుగా రిసీవర్‌కు (హోమ్ థియేటర్ యాంప్లిఫయర్‌కు) వెళ్లాలి, లేదా టీవీకీ సౌండ్‌బార్‌కీ రెండింటికీ ఈఆర్క్ (హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే టీవీ నుంచి సౌండ్‌బార్‌కు ఆడియో పంపే సదుపాయం) ఉండాలి.

కోడిలో పాస్‌త్రూ ఆన్ ఉంచి, డాల్బీ డిజిటల్ ఏసీ3 రిసీవర్ అన్నదొక్కటే టిక్ పెట్టండి. డీటీఎస్, ఈ-ఏసీ3, ట్రూహెచ్‌డీ అన్నీ తీసేయండి, సౌండ్‌బార్ డబ్బా మీదో మాన్యువల్‌లోనో డీటీఎస్ అని స్పష్టంగా ఉంటే అదొక్కటి ఉంచుకోవచ్చు. ఛానెళ్ల సంఖ్య 2.0 (ఎడమ, కుడి రెండే) పెట్టండి. చూడ్డానికి తప్పులా ఉంటుంది గానీ, అలా పెట్టి ఏసీ3 ట్రాన్స్‌కోడింగ్ ఆన్ చేస్తే, మిగతా 5.1 ఫైళ్లన్నిటినీ కోడియే డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతుంది. పాస్‌త్రూ ఆన్ చేసినా పని చేయట్లేదంటే, ప్లేయర్ సెట్టింగ్స్‌లో సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే ఆన్ ఉందేమో చూసి ఆఫ్ చేయండి. ఆ రెండూ కలిసి ఉండలేవు.

ప్రశ్న: సినిమాలో మ్యూజిక్ అదిరిపోతోంది, మాటలు మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉన్నాయి. స్పీకర్లు లేవు, ఉత్త టీవీయే.

జవాబు: కోడిలో ఛానెళ్ల సంఖ్య 5.1 అని ఉండి ఉంటుంది, 2.0 చేయండి. 5.1లో మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్‌కే పోతాయి. ఆ స్పీకర్ లేనప్పుడు వాటిని ఎడమ, కుడిల్లో ఎవరో ఒకరు కలపాలి, 2.0 అని చెబితేనే కోడి ఆ పని చేస్తుంది. అప్పటికీ మాటలు తగ్గినట్టుంటే సినిమా నడుస్తుండగా ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాల్యూమ్ యాంప్లిఫికేషన్ కొంచెం పెంచి చూడండి.

ప్రశ్న: పాజ్ చేసి మళ్లీ ప్లే నొక్కిన ప్రతిసారీ మొదటి మాట మింగేస్తోంది.

జవాబు: సౌండ్ లేని క్షణాల్లో కార్డు నిద్రపోతోంది, లేచేలోపు మాట దాటిపోతోంది. కోడి ఆడియో సెట్టింగ్స్‌లో కీప్ ఆడియో డివైస్ అలైవ్ అన్నదాన్ని ఆల్వేస్‌కు మార్చండి. కొన్ని టీవీలు, రిసీవర్లు పూర్తి నిశ్శబ్దం వస్తే వాటికవే మ్యూట్ అవుతాయి, వాటి కోసం పక్కనే సెండ్ లో వాల్యూమ్ నాయిస్ అనే ఆప్షన్ ఉంది, అదీ ఆన్ చేయండి, చెవికి ఏమీ వినపడదు. రెండూ చేసినా తగ్గకపోతే ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవర్‌కు ఉన్న పవర్ సేవ్ ఆప్షన్‌ను 0 చేసి, రీస్టార్ట్ చేసి చూడండి.