పెళ్లికొడుకు కాళ్లు చల్లబడ్డాయి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ అందింది. రోహిణి కార్తె కదా, బెజవాడలో రోళ్లు పగిలే ఎండ. కరెంటు పోతే తుండుగుడ్డ తడిపి మెడకు చుట్టుకుని వరండాలో కూర్చుని చదివాను. రెండో పేజీ చివర ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "పెళ్లికి ముందురోజు రాత్రి అతని కాళ్లు చల్లబడ్డాయి." అయ్యో, పిల్లవాడు పోయాడే అనుకున్నాను. మా ఆవిడకు చదివి వినిపిస్తే ఆవిడా "పాపం, ఏమైందిట?" అంది. పేజీ తిప్పితే వాడు లేచి కాఫీ తాగుతున్నాడు!

నువ్వు అనుకున్నది ఇంగ్లీషులో 'కోల్డ్ ఫీట్' అనే మాట. తీరా పని దగ్గరపడ్డాక ధైర్యం చాలక వెనకాడటం. అర్థం నీకు సరిగ్గానే తెలుసు. కానీ మన ఇళ్లలో కాళ్లు చల్లబడటం అనే మాట ఎప్పుడు వినబడుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకో. మంచం చుట్టూ నలుగురూ మూగి ఉంటారు. పెద్దావిడ ఎవరో పాదాలు పట్టి చూసి, మెల్లగా ఆ మాట అంటుంది. తర్వాత గదిలో ఎవరూ మాట్లాడరు. ఆ గదిని నువ్వు పెళ్లి పందిట్లోకి తెచ్చేశావు.

కథతో పాటు నీ నోటుపుస్తకమూ పంపావు. ఎడమవైపు ఇంగ్లీషు జాతీయం, కుడివైపు తెలుగు అర్థం. శ్రమపడ్డావు, సంతోషం. పోటీ పరీక్షలకైతే ఆ రెండు గళ్లూ చాలు. కథలు రాసే మనిషికి మూడో గడి కావాలి. ఆ మాట ఎవరు, ఎవరితో, ఎంత చనువుంటే అంటారన్నది అందులో రాసుకోవాలి. నేను ఈ ఉత్తరంలో చెప్పబోయేదంతా ఆ మూడో గడి గురించే.

నీ కథలో మనవడికి ఫోను వస్తుంది. "తాతయ్య బాల్చీ తన్నేశాడు." తర్వాతి పేరాలో ఆ పిల్లాడు వెక్కి వెక్కి ఏడుస్తాడు. చదివేవాడికి ఏడుపు రాదు, ఫోనులోనే నవ్వించేశావు గనక. నీ పుస్తకంలో 'కిక్ ద బకెట్' ఎదురుగా 'చనిపోవు' అని ఉంది. తప్పు లేదు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్‌లో అచ్చువేసిన నిఘంటువులోనూ అదే అర్థం ఉంది. అయితే అది వీధి మాటల నిఘంటువు. ఆ బకెట్ నీళ్ల బకెట్ కాదని, కోసిన పందిని వేలాడదీసే దూలమని ఒక వివరణ కూడా ఉంది. ఏదైనా, పోయినవాడి మీద గౌరవం ఉన్నవాడు అనే మాట కాదది. మనవాళ్లు దాన్ని 'బాల్చీ తన్నేయడం' చేసుకుని ఆ వెటకారంతో సహా తెచ్చుకున్నారు.

చావుకు తెలుగులో మాటలకేం కరువు? పరమపదించారు, శివైక్యం చెందారు, కాలం చేశారు, కన్నుమూశారు, పోయారు, హరీమన్నాడు, గుటుక్కుమన్నాడు, టపా కట్టేశాడు. టపా అంటే తపాలా. ఉత్తరాల మూట కట్టి పంపేసినట్టు మనిషినీ పంపేశారన్నమాట, ఎంత గడుసుతనం! వీటన్నిటికీ నిఘంటువులో అర్థం ఒకటే. కానీ పీఠాధిపతి గుటుక్కుమనడు, జేబుదొంగ శివైక్యం చెందడు. నీ కథలో ఫోను చేసింది మేనమామ కదా, "తాతయ్య పోయారురా" అని ఊరుకునేవాడు. ఆ చిన్న మాట తర్వాత నువ్వు ఏడుపు గురించి రాయకపోయినా ఫరవాలేదు.

మళ్లీ చల్లదనం దగ్గరికొస్తాను. ఈ ఎండలో అదే బుర్రలో తిరుగుతోంది. ఇంగ్లీషు పుట్టింది చలిదేశంలో. అక్కడ బతకాలంటే పొయ్యి కావాలి. అందుకే కాబోలు వాళ్లకు వెచ్చనిదల్లా మంచిది, చల్లనిదల్లా చెడ్డది. స్వాగతం వెచ్చగా ఉండాలి, గుండె వెచ్చగా ఉండాలి. గిట్టనివాడి చూపు చల్లన, హంతకుడి నెత్తురు చల్లన. మనకు ఇది తలకిందులు. "చల్లగా చూడు తల్లీ" అని అమ్మవారికి మొక్కుతాం. "నీ కడుపు చల్లగుండ" అని దీవిస్తాం. మంచిమాట చెప్పినవాడిని "నీ నోటిమాట చల్లగుండ" అంటాం. కోపమొస్తే ఒళ్లు మండుతుంది, అసూయ కడుపుమంట, కోపం దిగితే మనిషి చల్లబడతాడు. నువ్వేమో అత్తవారింట్లో కోడలికి 'వెచ్చని స్వాగతం' పలికించావు. మే నెలలో! వచ్చినవాళ్లకు మనం కాళ్లకు నీళ్లిస్తాం, మజ్జిగిస్తాం. ఆ నీళ్ల చెంబు రాయి, స్వాగతం దానంతటదే వస్తుంది. 'ఘనస్వాగతం' మాత్రం వద్దు, అది మంత్రిగారికి, రైల్వేస్టేషన్లో.

ఇదేదో సూత్రమనుకుని బిగుసుకుపోకు. "ఆశల మీద నీళ్లు చల్లాడు" అన్నప్పుడు మనకూ నీళ్లు చెడ్డవే. పని చెడగొట్టి "చల్లగా జారుకున్నాడు" అన్నప్పుడు అందులో దీవెన ఏమీ లేదు. భాష కదా, ఎటు నుంచి తిరగాలనుకుంటే అటు తిరుగుతుంది.

ఆ తర్వాతి పేజీలో వదిన మరిదికి 'చల్లని భుజం చూపించింది'. 'కోల్డ్ షోల్డర్'. దీని వెనక ఒక కథ ప్రచారంలో ఉంది. అక్కర్లేని చుట్టానికి వేడి వంట పెట్టకుండా చల్లారిపోయిన గొర్రె జబ్బమాంసం పెట్టి పంపేవాళ్లట. నేనూ చాలా ఏళ్లు అదే నిజమని నలుగురికీ చెప్పాను. తీరా చూస్తే ఈ మాట మొదట అచ్చులో కనబడేది 1816లో, వాల్టర్ స్కాట్ నవలలో, స్కాట్లండ్ యాసలో. అక్కడ మాంసమూ లేదు, విందూ లేదు. ఒక దొరసాని ఇష్టం లేని మనిషి నుంచి ఒళ్లు పక్కకు తిప్పుకోవడం, అంతే. ఆ సంగతి తెలిశాక తెలుగు మాట వెతుక్కోనక్కర్లేదు. పెడమొహం పెట్టింది! వాళ్లు భుజం తిప్పారు, మనం మొహం తిప్పాం. మరిది ఎదురుపడకుండా తప్పించుకు తిరుగుతోందంటే మొహం చాటేసింది అనాలి. పెడమొహం పెట్టాలంటే మనిషి ఎదురుగా ఉండాలి, మొహం చాటేయాలంటే ఉండకూడదు. ఇలాంటి తేడాలు నీ మూడో గడిలో రాసుకో.

పుట్టుపూర్వోత్తరాల కథలు చెప్పేవాళ్లను మాత్రం అంత తేలిగ్గా నమ్మకు. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' మాటకు, వెనకటి రోజుల్లో గడ్డి కప్పుల మీద పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకు జారి కింద పడేవనే కథ 1999లో ఈమెయిళ్లలో లోకమంతా తిరిగింది. వట్టి కట్టుకథ. 1738లో జొనాథన్ స్విఫ్ట్ రాసిన సంభాషణల్లో ఈ మాట ఉంది, అసలు ఎలా పుట్టిందో మాత్రం ఎవరూ తేల్చలేదు. ఆ కుక్కలూ పిల్లులూ మన బళ్లలో గైడ్లలో కురిసినంతగా లండన్‌లో కురవవని నా అనుమానం. మనకు కుండపోత ఉంది, ఆకాశానికి చిల్లు పడటం ఉంది. కుండను బోర్లించినట్టు నీళ్లు దిగడం కళ్లకు కడుతుంది, వివరణ అడిగేవాడే ఉండడు.

నా మీద నేను కూడా ఒక కథ చెప్పుకుంటాను, లేకపోతే నువ్వు నన్ను పండితుణ్ననుకుంటావు. పత్రికలో చేరిన కొత్తలో నైట్ డ్యూటీ. టెలిప్రింటర్ మీద ఢిల్లీ వార్త వచ్చింది. ఒక నాయకుడు రెండు వర్గాల మధ్య 'సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్'. నేను హుషారుగా 'కంచె మీద కూర్చున్నారు' అని రాసి ఇచ్చాను. మా చీఫ్ సబ్ ఎడిటర్ కళ్లజోడు పైకి తోసుకుని "ముళ్లు గుచ్చుకోలేదుటయ్యా?" అన్నారు. నిజమే, మన కంచె తుమ్మకంప. దాని మీద ఎవడు కూర్చుంటాడు? సిగ్గుపడి 'గోడ మీద పిల్లి వాటం' అని దిద్దాను. సరిగ్గా అతికింది, నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఆయన అదీ కొట్టేశారు. "ఇంగ్లీషువాడు ఆయన్ని కంచె మీదే కూర్చోబెట్టాడు. నువ్వు పిల్లిని చేశావు. పొద్దున్నే మనుషుల్ని వేసుకుని వస్తారు" అన్నారు. చివరికి పేపర్లో 'ఎటూ తేల్చుకోలేదు' అని వచ్చింది. ఆ మూడు మాటల మధ్య దూరం కొలవడం నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

'టర్న్ ఎ బ్లైండ్ ఐ' అన్న చోట నువ్వు 'గుడ్డి కన్ను తిప్పాడు' అని రాశావు. చూపులేని మనిషి ఎవరైనా చదివితే ఎలా ఉంటుందో ఆలోచించు. ఈ మాటతో పాటు చెప్పే కథ మాత్రం బాగుంటుంది. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హేగన్ దగ్గర నౌకాయుద్ధం. వెనక్కి తగ్గమని పై అధికారి హైడ్ పార్కర్ జెండా ఎగరేయించాడు. బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్‌కు అప్పటికే ఒక కంటికి చూపు లేదు. దుర్భిణీని ఆ కంటికే పెట్టుకుని, నాకు సంకేతమేమీ కనబడటం లేదే అని యుద్ధం సాగించాడని చెబుతారు. పెద్దల మాట వినకపోవడం అది. తెలుగువాడైతే ఆ పని చెవితో చేస్తాడు, పెడచెవిన పెట్టేస్తాడు. నీ కథలో అలా లేదు. హెడ్మాస్టరు కాపీ కొడుతున్న పిల్లాణ్ని పట్టుకోకుండా వదిలేస్తాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇంగ్లీషు మాట ఒకటే, మనకు రెండు. ఏది కావాలో నీ హెడ్మాస్టరు చెప్పాలి, నిఘంటువు చెప్పదు.

ఇంగ్లీషు మాటంటే ప్రపంచమంతా ఒకటే అనుకుంటావేమో, అదీ లేదు. సమావేశంలో ఒక విషయాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటిష్ వాళ్లకు చర్చకు పెట్టడం, అమెరికావాళ్లకు పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ఒక్క మాట మీద ఆ రెండు దేశాల అధికారులూ చాలాసేపు వాదులాడుకున్నారని, తీరా చూస్తే ఇద్దరికీ కావలసింది ఒకటేనని చర్చిల్ రాసుకున్నాడు. మన పార్లమెంటుది బ్రిటిష్ వాడుక. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్యది ఇంకోటి అయ్యుంటుంది, అడిగి చూడు.

తెలుగులోకి వచ్చి స్థిరపడ్డ మాటలను తరిమెయ్యమని నేననను. 'తెల్ల ఏనుగు' అంటే ఇప్పుడు ఎవరికైనా తెలుసు. ప్రాజెక్టుకు ప్రభుత్వం 'పచ్చజెండా ఊపింది' అని రోజూ రాస్తాం. ఇంగ్లీషులో అది పచ్చ దీపం. మనం రైలు గార్డు చేతిలోని జెండాగా మార్చుకున్నాం, అందుకే అతికింది. 'ఒకే దెబ్బకు రెండు పిట్టలు' కూడా మనదైపోయింది. కాకపోతే కొడుకు అమ్మవారి దర్శనానికని చెప్పి వెళ్లి దారిలో పిల్లను చూసొస్తే 'స్వామి కార్యం, స్వకార్యం' అనడంలో ఉన్న చమత్కారం పిట్టల్లో ఉందా? 'అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పకు' అనే ఇంగ్లీషు మాట ఎదుట నువ్వు ప్రశ్నార్థకం పెట్టావు. తాతకు దగ్గులు నేర్పడమమ్మా! వాళ్లకు అమ్మమ్మ, మనకు తాత.

'ఎట్ ది ఎండ్ ఆఫ్ ద డే'కి 'రోజు చివరికి' అని నాలుగు చోట్ల రాశావు. ఒక చోట అది జరిగేది ఉదయం ఎనిమిది గంటలకు. ఎటు తిరిగీ, చివరాఖరికి, ఏతావాతా, ఎంత చెప్పినా... ఏదో ఒకటి. మాట్లాడేది కరణంగారైతే 'ఏతావాతా' అంటాడు, ఆటో డ్రైవరైతే అనడు.

ఇంగ్లీషు జాతీయం కనబడగానే తెలుగు జాతీయం పెట్టితీరాలనే పట్టుదల కూడా వద్దు. 'ఎలిఫెంట్ ఇన్ ద రూమ్' ఉంది. గదిలో అంత పెద్ద జంతువున్నా ఎవరూ చూడనట్టు నటిస్తారు. అందరికీ తెలిసిన సంగతి, నోరు విప్పేవాడు లేడు. మన వీధిలోకి ఏనుగొస్తే పిల్లా పెద్దా బయటికొచ్చి, తొండం నెత్తిన పెట్టించుకుని, చేతిలో రూపాయి పెడతారు. చూడనట్టు ఎవరుంటారు? దీనికి నాకింతవరకు సరైన తెలుగు మాట దొరకలేదు. దొరకనప్పుడు విషయాన్ని సాదాగా చెప్పేస్తాను. "ఆ ఇంట్లో అప్పు మాట ఎవరూ ఎత్తరు." అందులో లోటేముంది?

ఇదంతా నువ్వు కథ చెప్పే మాటల గురించి. పాత్రల నోళ్లు కట్టెయ్యకు. మాదాపూర్ ఆఫీసులో కుర్రాడు "బాల్ వాళ్ల కోర్టులో ఉంది సర్", "రేపు టచ్ బేస్ చేద్దాం" అనే అంటాడు. అలాగే రాయి. 'టచ్ బేస్' అంటే ఒకసారి మాట్లాడుకోవడం, బేస్‌బాల్ ఆట మాట. వాడు పుట్టాక ఆ ఆట చూసి ఉండడు, మాట మాత్రం అమెరికా మేనేజర్ దగ్గర పట్టాడు. అదే కుర్రాడు ఇంటికెళ్లి నాయనమ్మతో అలా మాట్లాడడు. నీ కథలో రెండు చోట్లా ఒకేలా మాట్లాడుతున్నాడు, అదీ నా ఫిర్యాదు.

వీలైతే ఒక పాత పుస్తకం చూడు. 1868లో కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషాయన మద్రాసులో తెలుగు సామెతలు పోగేసి అచ్చువేయించాడు. సామెత కింద ఇంగ్లీషు అనువాదమే కాక, అవసరమైన చోట ఎవరిని గురించి అంటారో కూడా రాశాడు. మన మాటలకు పరాయివాడు అంత ఓపిక పట్టాడు. వాళ్ల మాటలకు నువ్వూ అంత ఓపిక పట్టొచ్చు.

కథ తిరిగి పంపుతున్నాను. పెన్సిల్‌తో గీతలు పెట్టాను కానీ మాటలు ఇవ్వలేదు, నువ్వే వెతుక్కో. మీ అమ్మమ్మ పక్కనే ఉందన్నావు, ఆవిడకు ఇంగ్లీషు రాకపోవడం నీ అదృష్టం. సందర్భం చెప్పి, "ఇలాంటప్పుడు నువ్వేమంటావు?" అని అడుగు. తొందరేం లేదు, వానలు పడ్డాక పంపినా చాలు. ముందు మాత్రం ఆ పెళ్లికొడుకును బతికించు.

ఆశీస్సులతో,
మాస్టారు